కుక్కర్ పేలితే జవాబు చెప్పాల్సింది ఎవరు?



వంటింట్లో కుక్కర్ పేలితే ఆ చప్పుడుకు ఇంట్లోవాళ్లే కాదు, పక్కింటి వాళ్లు కూడా పరుగెత్తుకొస్తారు. గాయపడిన మనిషిని ఆటోలోనో అంబులెన్స్‌లోనో ఆస్పత్రికి తీసుకెళ్తారు. నాలుగు రోజుల తరవాత చేతికి కట్టుతో ఆమె ఇంటికి వస్తుంది. అప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లు అడిగే మాటలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. "నీళ్లు సరిగ్గా పోయలేదా అమ్మా? విజిల్ శుభ్రం చేయలేదా? ఆవిరి పోకముందే మూత తీశావా?" అడిగేవాళ్లకు ఆమె మీద కోపమేమీ ఉండదు, ప్రేమతోనే అడుగుతారు. కానీ ఆ ప్రశ్నలన్నీ ఆమె వైపే తిరిగి ఉంటాయి. ఆ పాత్రను తయారుచేసిన ఫ్యాక్టరీని గాని, అమ్మిన దుకాణాన్ని గాని ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు. పేలిన కుక్కర్‌ను చూస్తే మళ్లీ భయమేస్తోందని వారం తిరక్కుండానే పాత సామాన్లవాడికి వేసేస్తారు.

ఆ కుక్కర్‌ను అలా పోనివ్వకండి అని చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను. ఎందుకు పోనివ్వకూడదో అర్థం కావాలంటే కొంత ఆవిరి సంగతి, కొంత చరిత్ర, కొంత చట్టం మాట్లాడుకోవాలి.

ముందు ఆవిరి సంగతి. మూత లేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఎంత మంట పెట్టినా ఆ వేడి దాటవు. మూత బిగించి ఆవిరిని లోపలే ఆపితే ఒత్తిడి పెరుగుతుంది, దాంతోపాటు నీళ్లు మరిగే వేడి కూడా పెరుగుతుంది. మన ఇళ్లలో వాడే కుక్కర్లో అది 120 డిగ్రీల దాకా వెళ్తుంది. కందిపప్పు అంత తొందరగా మెత్తబడటానికి కారణం ఆ అదనపు 20 డిగ్రీలే. ఆ సమయంలో లోపలి ఆవిరి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువుతో తోస్తుంటుంది. మూత అడ్డుకొలత 20 సెంటీమీటర్లు అనుకోండి. దాని వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. అంటే పప్పు ఉడుకుతున్నంతసేపూ ఆ మూతను లోపలి నుంచి 300 కిలోలకు పైబడిన బలం నెడుతోందన్నమాట. ఆ బలాన్ని ఆపుతున్నవి పలచటి లోహపు అంచులు, ఒక రబ్బరు వలయం. తయారీలో ఏ అంచు పలచబడినా, ఏ పిడి మర బలహీనంగా ఉన్నా, ఆ మూత ఇంటి కప్పుకు తగులుతుంది.

ఈ ప్రమాదం గురించి తయారీదారుకు మనకంటే ముందే తెలుసు. 1679లో లండన్‌లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎముకల్ని మెత్తగా ఉడికించే ఆవిరి పాత్రను తయారుచేసి చూపించాడు. మన కుక్కర్‌కు మూలం అదే. లోపలి ఒత్తిడి హద్దు దాటితే దానంతట అదే తెరుచుకునే వాల్వును ఆ పాత్రకు అమర్చింది కూడా పాపినే. పేలుతుందన్న భయం, పేలకుండా చూడాల్సిన బాధ్యత, రెండూ ఆ పాత్రతోపాటే పుట్టాయి.

ఇవాళ్టి కుక్కర్లో ఆ రక్షణ ఒకటి కాదు. మూత మీద మనం విజిల్ అనే బరువు మొదటిది. ఒత్తిడి ఎక్కువైతే అది లేచి ఆవిరిని వదులుతుంది. పప్పు నురగతోనో మెతుకులతోనో దాని రంధ్రం మూసుకుపోతే రెండోది పనిచేయాలి. అదే సేఫ్టీ వాల్వ్. అందులో తక్కువ వేడికే కరిగే లోహపు బిళ్ల ఉంటుంది. వేడి హద్దు దాటగానే అది కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. కొన్ని కుక్కర్లలో మూత అంచున చిన్న కిటికీ లాంటి ఖాళీ కూడా ఉంటుంది. ఒత్తిడి మరీ పెరిగితే రబ్బరు అందులోంచి బయటికి ఉబ్బి, ఆవిరి పక్కకు పోతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ప్రమాదం తరవాత కంపెనీ తరఫున వచ్చిన మనిషి సాధారణంగా మొదట చెప్పే మాట, "విజిల్ రంధ్రం మూసుకుపోయిందండీ, శుభ్రం చేయలేదు" అని. వినడానికి అది తిరుగులేని జవాబులా ఉంటుంది, ఇంట్లోవాళ్లు కూడా తలూపుతారు. కానీ ఆలోచించండి. పప్పు వండే పాత్రలో ఆ రంధ్రం ఎప్పుడో ఒకప్పుడు మూసుకుపోతుందని తెలిసే కదా తయారీదారు సేఫ్టీ వాల్వ్ పెట్టాడు! రంధ్రం మూసుకుపోయినా మనిషికి ఏమీ కాకూడదన్నదే ఆ రెండో ఏర్పాటు ఉద్దేశం. కాబట్టి రంధ్రం ఎందుకు మూసుకుపోయింది అన్న దగ్గర విచారణ ఆగిపోకూడదు. సేఫ్టీ వాల్వ్ ఎందుకు కరగలేదు? అది అసలు సరైన లోహమేనా? అది కరిగి ఆవిరి పోతుండగానే మూత ఎగిరిందంటే అంచుల బలం ఎంత? ఈ ప్రశ్నలకు జవాబు ఆమె మాటల్లో దొరకదు. ఆ పగిలిన లోహంలో దొరుకుతుంది. పాత సామాన్లవాడి బండి ఎక్కిన రోజున ఆ జవాబు కూడా వెళ్లిపోతుంది.

ఇలా వస్తువునే నిలబెట్టి అడగవచ్చన్న ఆలోచన న్యాయస్థానాలకు ఒక్కసారిగా రాలేదు. దానికి రెండు సీసాలు దారి చూపాయి.

మొదటిది స్కాట్లండ్‌లో గ్లాస్గో పక్కనున్న పెయిస్లీ ఊళ్లో. 1928 ఆగస్టు 26న మే డొనహ్యూ అనే సామాన్యురాలు స్నేహితురాలితో కలిసి ఒక కెఫేకి వెళ్లింది. స్నేహితురాలు ఆమె కోసం ఐస్‌క్రీము, జింజర్ బీర్ అనే అల్లం పానీయం తెప్పించింది. ఆ సీసా ముదురు రంగు గాజుది, లోపల ఏముందో బయటికి కనబడదు. కొంత తాగాక మిగిలింది గ్లాసులో పోస్తే కుళ్లిన నత్త అవశేషాలు పడ్డాయని, దాంతో తాను జబ్బుపడ్డానని డొనహ్యూ తయారీదారు మీద దావా వేసింది. తయారీదారు తరఫు వాదన తేలిక. డబ్బు ఇచ్చింది స్నేహితురాలు, తీసుకున్నది కెఫే యజమాని. మధ్యలో మాకూ ఈమెకూ ఒప్పందం ఎక్కడుంది? కోర్టు ఖర్చులు పెట్టుకునే స్తోమత లేని ఆమె, నిరుపేదనని అనుమతి తెచ్చుకుని మరీ కేసును బ్రిటన్ ప్రభువుల సభ దాకా తీసుకెళ్లింది. 1932 మే 26న అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు ఆమె వైపు నిలిచారు. వాడే మనిషి చేతికి చేరేదాకా మధ్యలో ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేని వస్తువును తయారుచేసి పంపేవాడు, ఆ వాడే మనిషి పట్ల జాగ్రత్త వహించి తీరాలని లార్డ్ ఆట్కిన్ తీర్పు చెప్పాడు. కొన్నది ఎవరన్నది అక్కడితో పక్కకు పోయింది.

మన ఇళ్లకు ఈ విషయం ఎంత దగ్గరో చూడండి. పెళ్లిలో కుక్కర్ చదివించడం మనకు మామూలే. మేనత్త కొన్న కుక్కర్లో మేనకోడలు వండుతుంది. కొడుకు ఆన్‌లైన్‌లో తెప్పించిన దాంట్లో తల్లి వండుతుంది. ఇంటి యజమానురాలు కొన్న దాంట్లో వంటమనిషి వండుతుంది. బిల్లు మీద పేరు ఒకరిది, కాలే చెయ్యి ఇంకొకరిది.

రెండో సీసా అమెరికాలో, కాలిఫోర్నియాలో పగిలింది. గ్లాడిస్ ఎస్కోలా ఒక రెస్టారెంట్‌లో వడ్డన పని చేసేది. శీతల పానీయం సీసాలు పెట్టెలోంచి తీసి ఫ్రిజ్‌లో సర్దుతోంది. ఆ పెట్టె అప్పటికి కనీసం 36 గంటలుగా కౌంటర్ దగ్గర కదలకుండా ఉంది. ఒక సీసా చేతిలోనే పేలింది. అరచేతిలో అయిదు అంగుళాల గాయమై రక్తనాళాలు, నరాలు, బొటనవేలి కండరాలు తెగిపోయాయి. ఆ కేసులో నన్ను బాగా కలిచివేసే వివరం ఒకటుంది. కోర్టులో చూపించడానికి ఆ సీసా లేదు. ప్రమాదం జరిగిన కాసేపటికే రెస్టారెంట్‌లో పనిచేసే ఒకరు ఆ గాజు ముక్కల్ని ఊడ్చి పారేశారు. సీసా ఎక్కడ, ఎలా పగిలిందో ఎస్కోలా నోటితో చెప్పాల్సి వచ్చింది, బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. అదృష్టం కొద్దీ ఆ కంపెనీ డ్రైవరే సాక్ష్యమిచ్చి, ఇంతకుముందు కూడా సీసాలు పేలడం చూశానని చెప్పాడు.

1944లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆమె గెలుపును ఖాయం చేసింది. సరిగ్గా తయారై, సరిగ్గా నింపిన సీసా ఊరికే పేలదు. మధ్యలో ఎవరూ దాన్ని పాడుచేయలేదని తేలితే తప్పు కంపెనీ దగ్గరే జరిగిందని అనుకోవచ్చని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. జస్టిస్ రోజర్ ట్రేనర్ అంతకంటే ముందుకు వెళ్లాడు. కంపెనీ నిర్లక్ష్యాన్ని వెతకడం ఎందుకు? లోపమున్న వస్తువు మనిషిని గాయపరిస్తే, నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా తయారీదారే భరించాలి అని విడిగా రాశాడు. వాడే మనిషికి ఆ వస్తువును పరీక్షించే జ్ఞానమూ సాధనాలూ ఉండవు. గాయం ఖర్చు ఒక్క కుటుంబం మీద పడితే ఆ కుటుంబం కూలిపోతుంది. అదే తయారీదారు అయితే బీమా చేసుకుని, ఆ ఖర్చును ధరలో కలిపి అందరి మీదా కొంచెం కొంచెంగా పంచగలడు. ఇదీ ఆయన వాదన. అప్పుడు ఆయన ఒంటరి. 19 ఏళ్ల తరవాత, 1963లో, భార్య కానుకగా ఇచ్చిన చెక్కపని యంత్రంతో గాయపడిన గ్రీన్‌మన్ అనే వ్యక్తి కేసులో అదే కోర్టు ఏకగ్రీవంగా ఆ సూత్రాన్ని ఒప్పుకుంది. ఆ తీర్పు రాసింది కూడా ట్రేనరే. ఇక్కడా చూశారా, కొన్నది భార్య, గాయపడింది భర్త.

ఇక మన దేశానికి వద్దాం. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న వస్తువు గురించి ఫిర్యాదు చేసే వీలుండేది. కానీ ఆ వస్తువు వల్ల కలిగిన గాయానికి ఎవరు, ఎప్పుడు బాధ్యులో చెప్పే ప్రత్యేక అధ్యాయం లేదు. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. అందులో ఆరో అధ్యాయం, 82 నుంచి 87 దాకా సెక్షన్లు, పూర్తిగా ఈ ఉత్పత్తి బాధ్యత గురించే. చిన్న అధ్యాయమే గాని, ప్రతి వంటింటికీ అవసరమైనది.

తయారీదారు ఎప్పుడు బాధ్యుడో 84వ సెక్షన్ చెబుతుంది. తయారీలో లోపం ఉన్నా, అసలు నమూనాలోనే లోపం ఉన్నా, తాను పెట్టుకున్న కొలతల ప్రకారం చేయకపోయినా, ఇచ్చిన హామీకి తగ్గట్టు వస్తువు లేకపోయినా, ప్రమాదం జరగకుండా ఎలా వాడాలో సరిపడా సూచనలు, తప్పుగా వాడితే ఏమవుతుందో హెచ్చరికలు ఇవ్వకపోయినా అతను నష్టపరిహారం చెల్లించాలి. వీటిలో ఎక్కడా 'నిర్లక్ష్యం రుజువు చేయాలి' అన్న షరతు లేదు. ఇచ్చిన హామీ విషయంలో తన నిర్లక్ష్యం గాని మోసం గాని లేదని తయారీదారు రుజువు చేసుకున్నా బాధ్యత తప్పదని కూడా చట్టం విడిగా చెప్పింది. అంటే ఆ ఫ్యాక్టరీలో ఏ కార్మికుడు ఏ రోజు ఏం మరిచిపోయాడో మీరు కనిపెట్టనక్కర్లేదు. వస్తువులో లోపం ఉందని, దానివల్లే గాయమైందని చూపిస్తే చాలు. చూపించాలంటే వస్తువు మీ దగ్గర ఉండాలి. మళ్లీ మళ్లీ అదే మాటకు వస్తున్నాను, ఎందుకంటే మిగతా అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

సూచనల విషయంలో నా అభిప్రాయం ఒకటి గట్టిగా చెప్పాలి. ఇంగ్లిష్‌లో, హిందీలో మాత్రమే అచ్చువేసిన చిన్న పుస్తకాన్ని కుక్కర్లో పడేసి తెలుగు ఊళ్లలో అమ్మితే, దాన్ని 'సరిపడా సూచన' అని నేను ఒప్పుకోలేను. పాత్రలో మూడింట రెండు వంతులు మించి నింపకూడదని, నురగ వచ్చే పప్పులైతే సగం దాటకూడదని, సేఫ్టీ వాల్వ్ ఒకసారి కరిగితే అదే కంపెనీది కొత్తది వేయించుకోవాలని, ఇవన్నీ ఆ వండే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చట్టం ఏ భాష పేరూ చెప్పలేదు. కానీ చదవలేని హెచ్చరిక ఎవర్ని కాపాడుతుంది? ఈ వాదనను మన జిల్లా వినియోగదారుల కమిషన్ల ముందు పట్టుదలతో వినిపించాలి.

వినియోగదారు ఎవరన్న దగ్గర కూడా చట్టం ఉదారంగానే ఉంది. కొన్న మనిషి అనుమతితో వాడుతున్న వాళ్లు కూడా వినియోగదారులే. అంటే ఇందాక చెప్పిన మేనకోడలు, తల్లి, వంటమనిషి ముగ్గురూ ఫిర్యాదు చేయవచ్చు. మనిషి చనిపోతే వారసులు చేయవచ్చు. వ్యాపారం కోసం కొన్న వస్తువుకు ఈ చట్టం వర్తించదు గాని, సొంత కష్టంతో బతుకుదెరువు కోసం వాడుకునేవాళ్లకు మినహాయింపు ఉంది. రోడ్డు పక్క బండి మీద ఇడ్లీ, ఉప్మా వండి అమ్ముకునే ఆమెకు ఈ తలుపు మూసి లేదు.

నష్టం అంటే ఏమిటో చెప్పేటప్పుడు చట్టం నాకు బాగా నచ్చిన పని ఒకటి చేసింది. గాయం, జబ్బు, మరణం, వాటి వెంట వచ్చే మానసిక వేదన, ఇంట్లో పాడైన ఇతర వస్తువులు ఇవన్నీ అందులో ఉన్నాయి. వాటితోపాటు దాంపత్య సాహచర్యం కోల్పోవడాన్ని, ఒక మనిషి సేవలు కోల్పోవడాన్ని కూడా నష్టంగా లెక్కించింది. ఆమె చేతులు కాలి మూడు నెలలు మంచాన ఉంటే ఆ ఇంటికి ఏం పోతుంది? ఉదయం పిల్లల క్యారేజీలు, మామగారి మందులు, బట్టలు, గిన్నెలు, బడి నుంచి పిల్లల్ని తీసుకురావడం. జీతం రాని పని కాబట్టి దీనికి విలువ లేదని ఇళ్లలో అనుకుంటారు. చట్టం అలా అనడం లేదు. ఫిర్యాదు రాసేటప్పుడు ఆస్పత్రి బిల్లులతో ఆగిపోకండి. ఆ మూడు నెలలు పనిమనిషికి ఇచ్చింది ఎంత, ఊరి నుంచి వచ్చి ఉన్న తల్లి ఎన్ని రోజులు కూలి మానుకుంది, భర్త ఎన్నాళ్లు సెలవు పెట్టాడు, అన్నీ రాయండి.

కొన్న దుకాణం బాధ్యత ఏమిటి? 86వ సెక్షన్ చూడండి. తయారుచేసింది ఎవరో తెలియకపోతే, లేదా తెలిసినా నోటీసు అందించలేని పరిస్థితి ఉంటే, అమ్మినవాడే బాధ్యుడు. పేరు లేని కుక్కర్లు, విదేశాల నుంచి దిగిన కుక్కర్లు కొన్నవాళ్లకు ఇది పెద్ద అండ. వస్తువులో తాను మార్పులు చేసి, ఆ మార్పు వల్ల ప్రమాదం జరిగినా, తయారీదారు ఇచ్చిన హెచ్చరికలు కొనేవాళ్లకు అందించకపోయినా దుకాణదారు తప్పించుకోలేడు. అయితే ఎక్కడ కొన్నామో రుజువు కావాలి. హైదరాబాద్ బేగంబజార్‌లో కొన్నా, మీ మండల కేంద్రంలో స్టీలు సామాన్ల కొట్లో కొన్నా, బిల్లు లేకుండా బయటికి రావద్దు. బిల్లు లేకపోతే వంద తగ్గిస్తానంటే ఒప్పుకోవద్దు.

కుక్కర్లకు ఐఎస్ఐ గుర్తు ఇప్పుడు ఐచ్ఛికం కాదు. 2021 ఫిబ్రవరి 1 నుంచి గృహ వినియోగ ప్రెషర్ కుక్కర్లన్నీ ఐఎస్ 2347 అనే భారతీయ ప్రమాణానికి లోబడి ఉండాలి, ఆ గుర్తు లేనిది అమ్మకూడదు. గుర్తు పక్కన సీఎం/ఎల్ అక్షరాలతో లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొడితే అది నిజమైనదో కాదో తెలుస్తుంది. ఇంత స్పష్టంగా ఉన్నా ప్రమాణం లేని కుక్కర్లు ఆన్‌లైన్‌లో అమ్ముడయ్యాయి. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ విషయంలో రెండు పెద్ద ఆదేశాలు ఇచ్చింది. అమెజాన్ ద్వారా అమ్ముడైన 2,265 కుక్కర్లు, ఫ్లిప్‌కార్ట్ ద్వారా అమ్ముడైన 598 కుక్కర్లు కొన్నవాళ్లందరికీ సమాచారం ఇవ్వాలి, కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వాలి, చెరో లక్ష రూపాయల జరిమానా కట్టాలి. ఆ కుక్కర్లు ఎవరినైనా గాయపరిచాక ఇచ్చిన పరిహారాలు కావు ఇవి. గాయం జరగకముందే ఆ పాత్రల్ని వంటిళ్లలోంచి బయటికి తేవడానికి ఇచ్చిన ఆదేశాలు. ఈ పని ఇంకా ఎక్కువగా జరగాలి.

తయారీదారుకు, దుకాణదారుకు కూడా చట్టం కొన్ని రక్షణలు ఇచ్చింది, అవి న్యాయమైనవే. వస్తువును తప్పుగా వాడినా, అందులో మార్పులు చేసినా ఆ సమయంలో జరిగిన ప్రమాదానికి దుకాణదారు మీద కేసు నిలవదు. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి విడిగా హెచ్చరించలేదని తయారీదారును తప్పుపట్టలేం. అందుకే రబ్బరు సాగిందని సంతలో దొరికిన ఏదో రబ్బరు వేయడం, కరిగిపోయిన సేఫ్టీ వాల్వ్ బదులు మామూలు బోల్టు బిగించడం చాలా ప్రమాదం. మనిషికీ ప్రమాదమే, రేపు కేసుకూ ప్రమాదమే. బోల్టు బిగించిన కుక్కర్ పేలితే ఏ చట్టమూ పెద్దగా సాయం చేయలేదు.

అదే వంటింట్లో ఇంకో పాత్ర ఉంది, గ్యాస్ సిలిండర్. మనం కొనేది లోపలి గ్యాస్‌నే, సిలిండర్ కంపెనీదే. ఒకే సిలిండర్ ఏళ్ల తరబడి ఎన్నో ఇళ్లు తిరుగుతుంది. మళ్లీ మళ్లీ నింపే పాత్ర గట్టిగా ఉందో లేదో ఎవరు పరీక్షిస్తారు? ఎస్కోలా కేసులో కూడా ఇదే ప్రశ్న వచ్చింది. కొత్త సీసాల్ని గాజు ఫ్యాక్టరీ కట్టుదిట్టంగా పరీక్షించేది. వాడిన సీసాల్ని మళ్లీ నింపేటప్పుడు ఆ పరీక్ష జరిగేది కాదు. సిలిండర్‌ విషయంలో మన దగ్గర ఆ పరీక్షకు గడువు ఉంది, అది సిలిండర్ మీదే రాసి ఉంటుంది. పైన పిడికి ఆనుకున్న లోహపు పట్టీల లోపలి వైపు చూడండి. ఏ అంటే మార్చి దాకా, బీ అంటే జూన్ దాకా, సీ అంటే సెప్టెంబరు దాకా, డీ అంటే డిసెంబరు దాకా, పక్కన సంవత్సరం. గడువు దాటిన సిలిండర్‌ను గడప దగ్గరే తిప్పి పంపండి. గ్యాస్ లీకైతే 1906కు ఫోన్ చేయండి. గ్యాస్ వల్ల ప్రమాదం జరిగితే ప్రభుత్వ రంగ చమురు కంపెనీలు తామే ప్రీమియం కట్టి చేయించిన బీమా ఉంటుంది. ఇటీవలి పాలసీల్లో మరణానికి మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా, కనెక్షన్ ఉన్న చిరునామాలో ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా ఇస్తున్నారు. ప్రమాదం జరిగిన వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలపాలి. ఈ బీమా సంగతి తెలియక వదులుకుంటున్న కుటుంబాలు ఉన్నాయి, నాకు బాధ కలిగించే విషయం అది.

సరే, ప్రమాదం జరిగింది. ఏం చేయాలి? ముందు మనిషి. కాలిన చోట కుళాయి కింద చల్లటి నీటిధార 20 నిమిషాలు పడనివ్వాలి. పేస్టు, ఇంకు, పసుపు రాయకూడదు. ఆస్పత్రిలో 'కుక్కర్ పేలి' అన్న మాట కేసు షీటులో రాయించండి. 'వేడినీళ్లు పడి' అని రాస్తే తరవాత చాలా కష్టం. ఇంట్లో ఇంకొకరు ఆ వంటింటిని ఏమీ కదపకముందే ఫోన్‌తో ఫొటోలు తీయాలి. మూత ఎక్కడ పడింది, పొయ్యి ఎలా వంగింది, గోడ మీద, కప్పు మీద దెబ్బలు, రబ్బరు, విజిల్, సేఫ్టీ వాల్వ్ విడివిడిగా. ఆ తరవాత వాటిని కడగకుండా ఒక అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి అటక మీద పెట్టండి. కడిగితే రంధ్రంలో ఏముందో, ఏం లేదో ఆ రుజువు పోతుంది. పెట్టెతోపాటే బిల్లు, వారంటీ కార్డు, సూచనల పుస్తకం ఉంచండి.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. చాలామంది ఇప్పటికీ ఫోరం అనే అంటారు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది ఇప్పుడు వస్తువుకు ఇచ్చిన ధరను బట్టి ఉంటుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. రెండు మూడు వేల కుక్కర్‌కు ఎన్ని లక్షల పరిహారం అడిగినా జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల లోపు ధర ఉన్న వస్తువులకు ఫిర్యాదు రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయవచ్చు. ముందు సలహా కావాలంటే 1915కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు వేయాలి, ఇది మరిచిపోవద్దు.

లోపం కంటికి కనబడేది కాకపోతే కమిషన్ ఆ పాత్రను సీలు వేసి ప్రయోగశాలకు పంపగలదు. 45 రోజుల్లో నివేదిక ఇవ్వమని చట్టం అంటోంది. ఇంజినీర్ కాని మీరు లోహశాస్త్రం వివరించలేదని ఎవరైనా వెక్కిరిస్తే సుప్రీంకోర్టు 2022లో ఇచ్చిన తీర్పును గుర్తుచేయండి. ఒక కారు ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కేసు అది. ఢీకొన్న వేగం, బలం సరిపోలేదని కంపెనీ వాదిస్తే, వినియోగదారు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని కోర్టు స్పష్టంగా చెప్పింది. కారు కొన్నవాళ్లకు వర్తించిన ఆ మాట కుక్కర్లో పప్పు పెట్టుకునే ఆమెకు ఎందుకు వర్తించదు?

ఫిర్యాదు వేయకముందే కంపెనీ మనిషి ఇంటికి రావచ్చు. మర్యాదగానే మాట్లాడతాడు. "పాతది ఇవ్వండమ్మా, పరీక్షకు తీసుకెళ్తాం, కొత్త కుక్కర్ ఉచితంగా ఇస్తాం, ఇక్కడ ఒక్క సంతకం పెట్టండి" అంటాడు. పాతది ఇవ్వకండి. కావాలంటే మీ ఇంట్లోనే, మీ ముందే చూసుకోమనండి, ఫొటోలు తీసుకోమనండి. ఆ కాగితం చదవండి, చదవడం రాకపోతే చదివించుకోండి. 'ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు' అన్న అర్థం వచ్చే వాక్యం అందులో ఉంటే సంతకం పెట్టకండి. పాడైన కుక్కర్‌కు బదులు కుక్కర్ ఇవ్వడం వేరు, కాలిన చేతికి పరిహారం ఇవ్వడం వేరు. చట్టం ఆ రెండింటినీ ఎప్పుడో విడదీసింది. పేలిన వస్తువు విలువ ఉత్పత్తి బాధ్యత కింద చట్టం చెప్పే నష్టంలోకి రానే రాదు. ఆయన తెచ్చిన కొత్త పెట్టె ఆ చేతి బాకీలో ఒక్క రూపాయి కూడా తీర్చదు.